నా బండికి సెల్ఫ్ లేదు

నేను కుట్టుమిషన్ల మెకానిక్‌ని. దమ్మపేట చుట్టుపక్కల పల్లెల్లోనూ, అడవి అంచున ఉన్న గూడేల్లోనూ ఎవరి మిషన్ మొరాయించినా నాకు ఫోన్ వస్తుంది. "ఆడమనిషి మెకానిక్ ఏంది?" అని మొదట్లో మొహం మీదే నవ్విన వాళ్ళున్నారు. నవ్వనిచ్చాను. వాళ్ళు నవ్వుతుండగానే షటిల్ విప్పి, లోపల ఇరుక్కున్న దారం ముక్క తీసి చేతిలో పెడితే టీ తెచ్చి ఇచ్చారు.

ఈ పని నాకు మా నాన్న నేర్పాడు. ఆయన బొగ్గు గనిలో ఫిట్టర్. రిటైరయ్యాక అమ్మ పుట్టిన ఊళ్ళో ఇల్లు వేసుకుని ఇటు వచ్చేశాం. అమ్మ జాకెట్లు కుట్టేది. ఆమె మిషన్ చెడిపోయినప్పుడల్లా నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి స్క్రూ నా చేతే విప్పించి, నా చేతే బిగింపించేవాడు. ఆయన పోయాక నాకు మిగిలినవి ఒక స్పానర్ల సంచి, ఒక పాత మోటర్‌సైకిల్. ఆ బండికి సెల్ఫ్ లేదు, కిక్కే. చలికాలం పొద్దుటిపూట ఐదారు సార్లు బలంగా తొక్కితే గానీ లేచేది కాదు. బండి లేపాలన్నా, బాగుచేసిన మిషన్ తొక్కి చూడాలన్నా బరువంతా నేను కుడికాలి మీదే వేసేదాన్ని. నా సంపాదన మొత్తం ఆ కుడికాలిదే అంటే అబద్ధం కాదు.

ఆ కాలే విరిగింది.

బడులు తెరిచే రోజులు. ఒక గూడెంలో పొదుపు సంఘం ఆడవాళ్ళు పిల్లల యూనిఫాంలు కుడుతున్నారు. రెండు మిషన్లు ఆగిపోయాయని కబురొస్తే పొద్దున్నే బయల్దేరాను. పామాయిల్ తోటల మధ్య మలుపు దగ్గర, నా వెనక వస్తున్న ఒక వ్యాను నన్ను దాటబోయి హ్యాండిల్‌ని కొట్టింది. నేనూ బండీ చెరో వైపు పడ్డాం. లేవబోతే కాలు నా మాట వినలేదు. మోకాలి కింద ఎముక బయటికి కనబడింది. వ్యాను కాస్త ముందుకు పోయి ఆగింది. దాని వెనక తలుపు సరిగ్గా నా కళ్ళ ముందుంది. అరవకుండా ఉండడం కోసం ఆ తలుపు మీది నంబరు పదేపదే చదువుకున్నాను. అది ఇప్పటికీ నాకు నోటికి వచ్చు.

డ్రైవరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, మలుపుల నువ్వు కనవడలే అక్కా. నా తప్పే. దవాఖానాకు పోదాం లే."

అతను పారిపోలేదు. ఆ మాట నేను కోర్టులో కూడా చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. గోనెసంచులు పరిచి, నన్ను ఎత్తి వ్యానులో పడుకోబెట్టి, దగ్గర్లో ఉన్న సర్కారు దవాఖానాకు తీసుకొచ్చాడు. క్యాజువాలిటీలో ఒక్కడే డాక్టరు. నా ముందు పాము కరిచినతను, నా వెనక జ్వరంతో మూలుగుతున్న ముసలమ్మ. డాక్టరు నా కాలు చూస్తూనే అడిగాడు.

"ఏమైందమ్మా?"

"బండి మీదికెళ్ళి పడ్డ సార్," అన్నాను, బండి మీదనుంచి పడ్డానని.

ఆయన రాసుకున్నాడు. మంచం కాళ్ళ దగ్గర తల వంచుకుని నిలబడ్డ వ్యాను డ్రైవరు తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపు ఏంటో ఆ పూట నాకు అర్థం కాలేదు. ఎక్స్‌రేకి డబ్బులు అతనే కట్టాడు. "మళ్ళొస్త అక్కా" అని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

ఎముక బయటికి వచ్చింది కాబట్టి జల్దీ ఖమ్మం తీసుకుపొమ్మన్నారు. అమ్మ కంగారులో దొరికిన ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చింది. అక్కడ ప్రభుత్వ ఆరోగ్య కార్డు చెల్లదు. కాలులో రాడ్ వేశారు. అమ్మ మెడలోనిదీ, చెవులవీ, మా ఇద్దరి సంఘం పొదుపూ ఆ బిల్లుకే పోయాయి. నెలలు గడిచినా ఎముక అతకలేదు. రెండో ఆపరేషన్ చేయాలి, ఆలస్యం చేస్తే కాలు పొట్టి అవుతుంది అన్నారు. వేరేచోట వేసిన రాడ్‌ని ముట్టుకోం అన్నారు కార్డు మీద చేసేవాళ్ళు. డబ్బు పెట్టి చేయించుకోవడానికి మా దగ్గర దారి లేదు.

నాకేమీ భయం లేదనుకున్నాను. బండికి ఇన్సూరెన్స్ ఉంది కదా! పోలీసులు ఆపుతారని ఏటేటా తప్పకుండా కట్టించేదాన్ని. ఆ కాగితం పట్టుకుని కట్టించిన షాపుకి పోతే, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు.

"ఇది థర్డ్ పార్టీ అమ్మా. నువ్వు ఎవర్నన్న గుద్దితే వాళ్ళకిచ్చేది. నీకు కాదు."

"మరి నా సంగతేంది?"

"ఓనరుకు కవర్ ఉంటది. అది గూడ మనిషి పోతెనో, కాలో చెయ్యో పూర్తిగ పోతెనో. దవాఖానా బిల్లులకు రాదు. అయినా బండి మీ నాయిన పేరు మీదనే ఉన్నది కద!"

ఇన్నేళ్ళు నేను కట్టింది ఎదుటివాడి కాలికన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. మండుతున్నా ఒక విషయం వెలిగింది. నేను ఎదుటివాడి కోసం కట్టినట్టే ఆ వ్యాను యజమాని నా కోసం కట్టి ఉంటాడు కదా! అదే మాట అడిగితే షాపాయన మొదటిసారి నన్ను సరిగ్గా చూశాడు. "అవ్. గది నడుస్తది. వకీలును పట్టుకో," అన్నాడు.

నేను మంచం మీద ఉండగానే అమ్మ పోలీస్ స్టేషన్‌కి పోయి ఫిర్యాదు ఇచ్చింది. ప్రమాదం జరిగిన చాలా రోజులకి ఇచ్చిందన్నమాట. వ్యాను నంబరు నేను చెప్పాను కాబట్టి కేసు అయింది. ఆ కాగితాలు, ఆసుపత్రి బిల్లుల కట్ట పట్టుకుని ఖమ్మంలో ఒక వకీలు దగ్గరికి వెళ్ళాం. మధిర వైపు మనిషి. మెత్తగా మాట్లాడతాడు. బిల్లులన్నీ అసలువే ఉన్నాయా, మందుల చీటీలు ఉన్నాయా అని ఒక్కొక్కటే చూశాడు. అమ్మ కాటన్ ముక్కకు ఇచ్చిన చిల్లర చీటీ కూడా దాచింది. ఆయన మెచ్చుకున్నాడు. ఆఖర్న మొదటి దవాఖానా నుంచి తెప్పించిన కాగితం తీసి చదువుతూ ఆగిపోయాడు.

"అమ్మా, ఇక్కడ చిక్కుంది. సెల్ఫ్ అని రాశారు."

మా అమ్మ వెంటనే అందుకుంది. "సెల్ఫ్ ఏంది సారు? మా బండికి సెల్ఫ్ ఎక్కడిది? కిక్కే కద!"

నేనూ అదే అనుకున్నాను. వేరే ఎవరి బండి వివరాలో నా కాగితంలో రాసేశారని కోపం కూడా వచ్చింది. "అవ్ సార్, తప్పు రాసిండ్రు. నా బండికి సెల్ఫ్ లేదు. కావాలంటే వచ్చి చూసుకోమనుండ్రి," అన్నాను.

వకీలు నవ్వాపుకుని మొత్తం చదివాడు. "సెల్ఫ్ ఫాల్ ఫ్రమ్ బైక్. అంటే ఎవరూ గుద్దలేదు, తనకు తానే పడింది అని. మీరు చెప్పిందే రాశారంటారు వాళ్ళు. తనకు తాను పడితే వ్యాను వాడి ఇన్సూరెన్స్ కంపెనీ ఎందుకు కట్టాలి? రేపు వాళ్ళు పట్టుకునేది ఈ ఒక్క మాటే."

నేను చెప్పింది నాకు గుర్తుంది. పడ్డ అన్నాను. అంతే అన్నాను. ఆ పూట డ్రైవరు తల ఎత్తి ఎందుకు చూశాడో అప్పుడు అర్థమైంది, నేను అతన్ని తప్పించాననుకున్నాడు.

ఇంటికొచ్చే బస్సులో ఆ మాట నా తలలోంచి పోలేదు. మా వైపు బండి ప్రమాదమంటే వేరే మాట లేదు. లారీ వెనకనుంచి గుద్దినా, గేదె అడ్డం వచ్చినా, గుంతలో టైరు దిగినా "ఫలానా వాడు బండి మీదికెళ్ళి పడ్డడంట" అనే చెప్పుకుంటాం. ఎవరు గుద్దారు అన్నది పక్క ప్రశ్న. అడిగితే చెబుతాం. ఆ డాక్టరు అడగలేదు. అసలు తెలుగులో పడనిదేముంది? భయపడతాం, కష్టపడతాం, సిగ్గుపడతాం, జబ్బు పడతాం, అత్తగారింట్లో మాట పడతాం. ఇవన్నీ మాకు మేమే పడుతున్నామా? వాన పడ్డది అంటే దానికి కూడా సెల్ఫ్ అని రాస్తారా?

కేసు వేశాం. వాయిదాలు మొదలయ్యాయి. కర్ర పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళేదాన్ని. వ్యాను యజమాని రాలేదు, డ్రైవరు రాలేదు. వచ్చిందల్లా ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు. నల్లకోటు మడత నలగనివ్వని మనిషి. ఒక వాయిదాకు ఆయనే మా వకీలుని పక్కకి పిలిచి ఒక మాట చెప్పాడట. రికార్డు మీ వైపు లేదు, రాజీ పడితే బిల్లులో సగం కన్నా తక్కువే అయినా చేతికొస్తుంది, కేసు ముగుస్తుంది అని.

ఆ సాయంత్రం అమ్మకీ నాకూ పెద్ద గొడవ అయింది. అమ్మ కుడుతున్న జాకెట్ పక్కన పడేసి లేచింది.

"తీసుకో బిడ్డా. ఆపరేషన్ జేయించుకో. నీకు కాలు కావాల్నా, మాట కావాల్నా?"

"రెండూ నావే కద అమ్మా. వాళ్ళు రాజీ అంటుండ్రు గానీ తప్పు నాదే అని ఒప్పుకోమంటుండ్రు."

"ఎవడు జూసిండే ఒప్పుకుంటే? కాలు పొట్టిగైతే అందరు జూస్తరు!"

అమ్మ చెప్పింది తప్పని ఇప్పటికీ అనను. ఆమె ముందు కుంటుతున్నది ఆమె కూతురు. కానీ నాకు ఎక్కడలేని పట్టుదల వచ్చింది. అంతకుముందు అందరి దగ్గరా నోరు మూసుకుని ఊరుకున్నదాన్ని కాను గానీ, ఇంత మొండిదాన్నని నాకే తెలియదు. నేను నా దారిన నా పక్కన పోతున్నాను. నా హ్యాండిల్‌ని వ్యాను కొట్టింది. గుద్దినవాడు నా ముందే తన తప్పని ఒప్పుకున్నాడు. నా నోట్లోంచి వచ్చిన మాటకి నాకు రాని భాషలో ఒక ముక్క తగిలించి, ఆ ముక్కతో నన్నే తప్పుదాన్ని చేస్తే ఊరుకోవాలా? తెలుగులో ఇన్ని పడటాలు ఉన్నాయి. రాజీ పడటం ఒక్కటి మాత్రం నేను పడనన్నాను. అమ్మ నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. నా కంచం మాత్రం మంచం దగ్గరికే తెచ్చి పెట్టేది.

నన్ను బోనులో ప్రశ్నించే రోజు వచ్చింది. నిలబడలేనని కుర్చీ ఇచ్చారు. కంపెనీ వకీలు కాగితం ఎత్తి పట్టుకున్నాడు.

"దవాఖానాలో డాక్టరు గారికి మీరు ఏం చెప్పారు?"

"పడ్డ అని చెప్పిన."

"వ్యాను గుద్దిందని చెప్పారా?"

"అడగలే సార్."

"అడక్కపోయినా చెప్పొచ్చుగా? అంటే మీరే పడ్డారు. తర్వాత ఎవరో సలహా ఇస్తే వ్యాను మీదికి నెట్టారు. అంతేనా?"

మా వకీలు నాకు ముందే చెప్పాడు, కోపం తెచ్చుకోవద్దు, అడిగినదానికే జవాబు చెప్పు అని. నాకు అది ఎప్పుడూ చేతకాలేదు.

"అవ్ సార్, పడ్డ. వ్యాను గుద్దినంక ఎవరన్న ఎగురుతరా? పడతరు. గుద్దిండ్రు కాబట్టే పడ్డ. మా దిక్కు గట్లనే అంటం. సెల్ఫ్ అని నేను అనలే. నాకు తెలిసిన సెల్ఫు ఒక్కటే, బండికి ఉండేది. నా బండికి అది గూడ లేదు."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి గారు తల ఎత్తి చూసేసరికి ఆగిపోయారు. కంపెనీ వకీలు నవ్వలేదు. రికార్డే మాట్లాడుతుందని, ఆ రికార్డు రాసిన డాక్టరునే తమ సాక్షిగా పిలిపిస్తామని అన్నాడు.

డాక్టరు వచ్చే వాయిదాకి నేను మా వకీలు దగ్గరికి గంట ముందే వెళ్ళాను. ఆయన దగ్గర పెద్ద ప్రశ్నల చిట్టా ఉంది. "అవన్నీ అడుగుండ్రి సార్, కానీ నాదొక్కటి అడుగుండ్రి," అన్నాను. నేను చెప్పింది విని, చిట్టా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

డాక్టరు కుర్రవాడే. ఆ పూటకన్నా చిక్కిపోయి ఉన్నాడు. కాగితం తనదే, చేతిరాత తనదే అని కంపెనీ వకీలుకి చెప్పాడు. కంపెనీ వకీలు తృప్తిగా కూర్చున్నాడు. మా వకీలు లేచాడు.

"డాక్టరు గారూ, ఈమె మీతో తెలుగులో మాట్లాడిందా, ఇంగ్లీషులోనా?"

"తెలుగులోనే."

"ఆమె అన్న మాట అన్నట్టుగా ఇక్కడ చెప్పండి."

డాక్టరు కాగితం వైపు చూశాడు. అందులో ఆ మాట లేదు. తర్వాత నా వైపు చూశాడు. ఎంతమందిని చూసుంటాడు, నా మొహం గుర్తుంటుందా అనుకున్నాను.

"బండి మీదికెళ్ళి పడ్డ... అన్నారు. అందరూ అదే అంటారు."

"తనకు తానే అన్న మాట ఎవరిది?"

ఆయన కాగితం కింద పెట్టాడు. జడ్జి గారు కలం ఆపి చూస్తున్నారు.

"నాదే సార్. పడ్డ అంటే మేం అట్లనే రాస్తాం. ఎవరైనా గుద్దారా అని నేను అడగలేదు. ఆరోజు నేనొక్కణ్ణే ఉన్నాను."

నాకు ఆ డాక్టరు మీద కోపం అక్కడే పోయింది. నిజం చెప్పమని అతన్ని ఎవరూ బలవంతం చేయలేదు. గుర్తులేదు అని ఉంటే నా కేసు అంతటితో సరి. బయటికొస్తుంటే దండం పెట్టాను. అతను మొహం తిప్పుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.

తీర్పు వచ్చింది. వ్యాను ఇన్సూరెన్స్ కంపెనీయే నా దవాఖానా బిల్లులు కట్టాలి, రెండో ఆపరేషన్ ఖర్చు, నేను పని చేయలేకపోయిన రోజులు కూడా లెక్కగట్టి ఇవ్వాలి అన్నారు. తీర్పులో ఒకచోట, పడ్డ అనే మాట ఎలా పడ్డదీ చెప్పదు అని రాశారని మా వకీలు తెలుగులో చదివి వినిపించాడు. నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు, గట్టిగా అరవాలనిపించింది.

ఆపరేషన్ అయింది. ఎముక అతికింది. కానీ ఏడాది ముందు రావాల్సింది అన్నాడు సర్జన్. కుడికాలు వేలి మందం పొట్టి అయింది. అమ్మ నా కుడి చెప్పు తీసుకుపోయి కింద ఇంకో అట్ట వేయించి తెచ్చి నా ముందు పెట్టింది. ఆ చెప్పు చూసినప్పుడల్లా రాజీ వద్దన్న రోజు గుర్తొస్తుంది. బాధ ఉంది. పశ్చాత్తాపం మాత్రం లేదు. అమ్మ అడిగిన ప్రశ్న మళ్ళీ అడిగినా అదే జవాబు చెబుతాను.

నాన్న బండి అమ్మేశాను. ఈ కాలితో కిక్ కొట్టలేను. కొన్నవాడు మొదటి తన్నుకే లేపుకుని పోతుంటే లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. తర్వాత బొత్తాం నొక్కితే లేచే బండి కొన్నాను. నా పేరు మీదే రిజిస్టర్ చేయించాను. ఈసారి పాలసీలో ప్రతి ముక్కా చదివించుకుని, నా దవాఖానా ఖర్చులకు వేరే పాలసీ కూడా తీసుకున్నాను. మిషన్ ఇప్పుడు ఎడమకాలితో తొక్కుతున్నాను. మొదట్లో చక్రం వెనక్కి తిరిగి దారం తెంపేసేది. ఇప్పుడు తెగడం లేదు.

పోయిన వానాకాలం యూనిఫాంలు కుట్టే ఆ గూడెం నుంచే ఫోన్ వచ్చింది. ఈసారి మిషన్ కోసం కాదు. సంఘంలో ఒకామె బజారుకి బండి నడుపుకుంటూ పోతుంటే ఎదురొచ్చిన కారు గీసుకుపోయింది. చెయ్యి విరిగింది. ఆమె ఇంట్లో మాట్లాడేది వేరే భాష, తెలుగు బయటికొచ్చి నేర్చుకున్నది. నేను వెళ్ళేసరికి అదే సర్కారు దవాఖానాలో, అదే మంచం మీద ఉంది. డాక్టరు మాత్రం వేరు, కొత్తగా వచ్చిన అమ్మాయి.

"ఏమైందమ్మా?" అని అడిగింది డాక్టరు.

"పడ్డ మేడమ్," అంది ఆమె, విరిగిన చెయ్యి పట్టుకుని.

డాక్టరు కలం కాగితం మీదికి వంగింది. నేను కుంటుకుంటూ వెళ్ళి ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టాను. నర్సు "ఏయ్!" అని కసిరింది. నేను చెయ్యి తియ్యలేదు.

"మేడమ్, ఎవరు గుద్దిండ్రో అడుగుండ్రి. ఆమె చెప్తది. కారు గుద్దింది, గుద్దినంక పడ్డది. ముందుది ముందు, తర్వాతది తర్వాత రాయుండ్రి. సెల్ఫ్ అని మాత్రం రాయొద్దు. సెల్ఫు నా బండికి ఉన్నది, బయట పెట్టిన, కావాలంటే పోయి చూడుండ్రి."

డాక్టరు నన్నూ, నా ఎత్తు చెప్పునీ చూసింది. తర్వాత మంచం మీదామె వైపు తిరిగింది.

"ఎవరు గుద్దారమ్మా?" అని అడిగింది.

అప్పుడు నేను చెయ్యి తీశాను.